కేకు ముక్క, కాఫీ బుట్ట

మా ఆయన ఇంగ్లీషు మేష్టారు. ఇంట్లో కూడా ఆ భాష నుడికారాలు దొర్లిస్తూ ఉండేవారు. నాకవి అనవసరం అనిపించేవి. వాన జోరుగా పడుతోందంటే సరిపోయేదానికి పిల్లులూ కుక్కలూ కురవడమెందుకు? ఆయన చనిపోయినప్పుడు కొందరు దేవుడి దగ్గరికి వెళ్లారన్నారు, కొందరు మనల్ని విడిచారన్నారు. నేను చనిపోయారనే అన్నాను. ఆ తరవాత చాన్నాళ్లు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

ఒక సాయంత్రం పక్కింటి అమ్మాయి వచ్చి గుమ్మంలో కూర్చుంది. కాఫీ పళ్లు కోసే పిల్ల, ఇంటర్ చదివింది. అరకులో ఒక రిసార్టుకి తోటలు చూపించే గైడు కావాలట. ఆ పని దొరక్కపోతే విశాఖలో బట్టల కొట్లో పనికి పంపేస్తానంటోంది వాళ్లమ్మ. ఆ పిల్లకి కొండ దిగడం ఇష్టం లేదు.

"ఇంగ్లీషు వచ్చు గానీ అమ్మా, ఆడికొచ్చే దొరలు మెలికలేసి మాటాడతారట. సారుంటే సారునే అడిగీదాన్ని."

నేనే చెప్పాను. బకెట్టు తన్నడమంటే చచ్చిపోవడం.

"బకెట్టెందుకు?"

"తెలీదు."

చిక్కుడు గింజలు ఒలకబొయ్యడమంటే రహస్యం బయటపెట్టడం.

"ఇది మా వదిన కోసమే పుట్టింది."

కేకు ముక్క అంటే చాలా సులువైన పని.

"తినడం సులువే. మరి సెయ్యడం?"

ఆయనైతే ఆ ప్రశ్న మీద గంట మాట్లాడేవారు. నేను టీ పెట్టాను.

రిసార్టు వాళ్లు పెట్టిన పరీక్ష రోజున నన్ను తోడు రమ్మంది. మేనేజరు ఒక విదేశీ జంటను ఆమెకి అప్పగించి వెనకాలే నడిచాడు. ఆమె మిరియాల తీగలు చూపించింది, ఎర్రబడ్డ కాఫీ పళ్లే కోయాలని తిన్నగా ఇంగ్లీషులో చెప్పింది. వచ్చినావిడ నాలుగు పళ్లు కోసి, ఇది కేకు ముక్కే అంది.

కోతకి వెళ్లేవాళ్లలో ఇక్కడొక అలవాటుంది. పని సులువని ఎవరైనా అంటే పక్క వరస కోత కూడా వాళ్లదే. అమ్మాయి ఆలోచించలేదు. చూపించడానికని కట్టుకొచ్చిన తన కోత బుట్ట విప్పి ఆవిడ నడుముకి కట్టి, వరస చివరిదాకా చెయ్యి చూపించింది. మేనేజరు ముఖం మాడిపోయింది. ఆ మాట నేర్పింది నేనే కాబట్టి నేను మిరియాల తీగ చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ నవ్వుతూ మొదలుపెట్టింది. ఎర్రచీమలు కుట్టాక నవ్వడం మానేసింది గానీ కోయడం మానలేదు. సగం వరస అయ్యాక బుట్ట భర్తకి కట్టింది. వెళ్లేముందు, రేపు కూడా ఈ అమ్మాయే రావాలని మేనేజరుకి చెప్పింది.

"రేపటి నుంచి పనిలోకి రా," అన్నాడతను. "ఇంకెప్పుడూ అడక్కుండా ఎవరికీ బుట్ట కట్టకు."

"అలాగే సార్."

జీపు ఎక్కాక నా వైపు తిరిగింది.

"అడిగితే ఎవులు కట్టించుకుంటారమ్మా?"