కబురుంది, ప్రోటీన్ లేదు

ట్యూనిస్‌లోని ఓ ఆసుపత్రి ల్యాబులో పనిచేసే నజీహా, మంచులో దాచిన రక్తం గొట్టం మూత తీసేముందు ఊపిరి బిగబడుతుంది. పనయ్యాక చల్లబడ్డ వేళ్లను టీ గ్లాసుకు ఆనించుకుంటుంది. ఆ రోజు, మాటిమాటికీ జ్వరాలతో వాడిపోతున్న పసిపిల్ల ఇబ్తిహాల్ రక్తం ఆమె చేతికొచ్చింది. ప్రోటీన్ తయారుచెయ్యమని కబురు మోసే ఆర్‌ఎన్‌ఏ రక్షణ కణాల్లో సరిగానే ఉందని పాత పరీక్ష చెప్పింది.

"ఇంకేం వెతుకుతావమ్మా?" అన్నాడు పెద్దడాక్టరు లమ్జెద్.

"బేకరీకి కబురు పెడితే రొట్టె వచ్చినట్టేనా సార్?" అంటూ ఆమె ఒక్కో కణంలో ఆర్‌ఎన్‌ఏనీ, ప్రోటీన్‌నీ కలిపి కొలిచింది. కబురు నిండుగా ఉంది. క్రిములతో పోరాడటానికి కణం పైన ఉండాల్సిన ప్రోటీనే లేదు.

లమ్జెద్ తెరమీదికి వంగి చూశాడు. "జబ్బు దొరికింది! ఎముక మజ్జ మార్పిడికి ప్రయత్నిద్దాం. పిల్ల అక్క మజ్జ సరిపోతుందేమో చూడాలి."

నజీహా వరండాలో ఉన్న ఇబ్తిహాల్ తల్లి దగ్గరికి పరుగెత్తి సంగతి చెప్పింది.

తల్లి ఒళ్లోని పాప జుట్టు సవరించింది. తర్వాత మెల్లగా, "అయితే అక్కా, పండక్కి దీనికి గౌను కొనొచ్చా?" అంది.

"కాస్త పెద్దదే కొను చెల్లీ. పెరిగే పిల్ల."