దేవుడి మీద అలిగిన మనిషి

వనపర్తిలో నేను సైకాలజీ చెప్పే కాలేజీలో ఒక అక్క అటెండరుగా పనిచేసేది. అంతకుముందు భర్తతో కలిసి బొంబాయిలో చాలా ఏళ్లు కూలి పనులు చేసి తిరిగొచ్చింది. ఆమెది మంచి గొంతు. చర్చిలో ఏ పాటైనా ఆమే ఎత్తుకోవాలనేవారు.

భర్త జబ్బుపడి మంచం పట్టినప్పుడు ఆమె నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. అయినా అతను దక్కలేదు. ఆ తర్వాత ఆదివారాలు చర్చికి వెళ్తూనే ఉంది కానీ, పాడటం మానేసింది. పాటల పుస్తకం కూడా తెరిచేది కాదట.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో నేనే కదిలించాను. అప్పటికి మా నాన్న పోయి మూడేళ్లు. దేవుణ్ణి పక్కన పెట్టేసి, దుఃఖం గురించి పుస్తకాలు చదువుకుంటున్నాను. వాటిలో ఉన్నట్టే ఆమెకూ చెప్పాను, కోపం కూడా దుఃఖంలో భాగమేనని, మెల్లగా పోతుందని.

"పోవుడెందుకు మేడం? ఇంక నాకు జవాబే రాలే," అంది టీ గ్లాసులు కడుగుతూ. "నా మొగన్ని ఎందుకు తీస్కపోయినవని అడిగిన. చెప్పేదాంక పాడ."

"అసలు వినేవాడు ఉన్నాడా అని అనుమానం రాలేదా అక్కా?"

ఆమె కడిగిన గ్లాసు బోర్లించింది. "శానా సార్లు వచ్చింది. గని లేనోని మీద ఎవలన్న అలుగుతరా మేడం? నా అలక పోతలేదు. గందుకే పోయి ఎదురుంగ కూసుంట."

దేవుడు ఉన్నాడనే వాదనలూ, లేడనే వాదనలూ రాసి ఎం.ఏ.లో ఫిలాసఫీ పేపరుకు మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆమె మాట రుజువు కాదని నాకు తెలుసు. కానీ నాన్న పోయినప్పుడు నేను ఏమీ అడగకుండానే లేచి వచ్చేశాను. ఆమె అడగడానికి కూర్చుంది. ఆ ధైర్యం ముందు నా చదువు నాకు చిన్నగా కనిపించింది.

మరుసటి ఏడు మనవరాలికి పేరు పెడుతూ నన్ను చర్చికి పిలిచింది. ఆమె పక్కన ఈ మధ్యే కొడుకును పోగొట్టుకున్న ఒకామె కూర్చుంది. పాట ఎత్తుకున్న ఆ తల్లి గొంతు రెండో చరణంలో పూడుకుపోయింది. అక్క ఆమె చేయి పట్టుకుని, ఆగిన చోటు నుంచి అందుకుంది. చివరిదాకా పాడింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే అడిగాను, జవాబు దొరికిందా అని.

"యాడ దొరికింది? ఆమెకు గొంతు లేస్తలేదు, గందుకే పాడిన. ఆయనతోని నా పంచాయితీ ఇంక అయిపోలే," అంది. "దా మేడం, బగారన్నం సల్లారుతది."