తక్కువ లొల్లి యంత్రం

లేజర్ కిరణం మీద మాటను పంపొచ్చని కనిపెట్టింది నేను కాదు. ఆ పని నేను పుట్టకముందే ఎవరో చేసి, పేరు తెచ్చుకొని, హాయిగ ఉన్నరు. కానీ ఆ మాటను సిరిసిల్లల వినబడేటట్టు చెయ్యాలని మొదలుపెట్టిన మొట్టమొదటి అమాయకుడిని మాత్రం నేనే. ఈ ఘనత నాదంటె నాదని ఇంతవరకు ఎవరూ పోటీకి రాలే.

నేను చదివింది లో-నాయిస్ ఎలక్ట్రానిక్స్. సన్నటి సిగ్నల్‌ను పెద్దగ చేసేటప్పుడు యంత్రం తన సొంత గుసగుసలు అందులో కలపకుండ చూసే విద్య అది. పెండ్లిచూపులనాడు మా మామ "ఏం చదివినవ్ బిడ్డా" అని అడిగితే, తెలుగుల చెప్తే గౌరవంగ ఉంటదని "తక్కువ లొల్లి యంత్రాలు" అన్న. అప్పటికే ఆయన ముప్పై ఏండ్లుగ సాంచలు నడుపుతున్న మనిషి. పవర్‌లూమ్‌ను ఇక్కడ సాంచ అంటరు. ఒక్క సాంచ నడిస్తె పక్కన నిలబడ్డోని మాట వినరాదు. ఒక షెడ్డుల ఎనిమిది సాంచలు, మా గల్లీల పది షెడ్లు. ఆయన నన్ను పైనుంచి కిందిదాక చూసి "గసొంటి యంత్రం మా ఊర్లె ఏం జేస్కుంటరు బిడ్డా" అన్నడు. అయినా పిల్లనిచ్చిండు. జాలిపడి ఇచ్చిండని నా భార్య ఇప్పటికీ అంటది.

నాది ఆసిఫాబాద్ అవుతల ఒక ఊరు. మధ్యాహ్నం పూట టేకాకు రాలితే ఏ చెట్టుదో చూడకుండనే చెప్పొచ్చు. అంత నిశ్శబ్దంలకెళ్లి వచ్చి, ఇక్కడి పాలిటెక్నిక్‌ల పాఠాలు చెప్పుకుంట, అత్తగారింటి బంగ్ల మీది అర్రల దిగిన. మొదటి ఏడాదంత అందరితోటి చేతులతోనే మాట్లాడిన. మరాఠీ కలిసిన నా తెలుగుకు మా అత్త నవ్వకపోవడానికి కారణం ఆమె మంచితనం కాదు, వినబడకపోవుడే.

ఆ అర్రలనే నా ప్రయోగశాల. ఎదురుగ, గల్లీ అవుతల, మామ పనిచేసే షెడ్డు గోడ. నా కిటికీలకెళ్లి లేజర్ పోయి, ఆ గోడమీది అద్దానికి తాకి, తిరిగొచ్చి నా బల్లమీద పెట్టిన సెన్సార్ మీద పడాలె. ఈ చివర మైకుల మాట్లాడేది నేనే, హెడ్‌ఫోన్ పెట్టుకొని వినేది నేనే. రెండో మనిషి దొరకక చేసుకున్న ఏర్పాటు అది. కాలేజీకి ఇచ్చిన రిపోర్టుల మాత్రం "స్వయంసమృద్ధ వ్యవస్థ" అని రాసిన. ఇగ ఆ అద్దం, మా మామ గడ్డం గీసుకునేది. గోడకు ఎం-సీల్ పెట్టి అంటిచ్చినంక పర్మిషన్ అడిగిన. అప్పటిసంది ఆయన అందాజ మీద గీసుకునేటోడు.

మొదటిరోజు హెడ్‌ఫోన్ పెట్టుకుంటె నా మాట వినబడలే, 'గుయ్' అని ఒక్కటే మోత. దోషి ట్యూబ్‌లైట్ అని తేలింది. ఆర్పిన. మోత సగమైంది. కూలర్ బందు పెట్టిన. పావు అయింది. ఫ్రిజ్ మీద చెయ్యి వెయ్యబోతుంటె నా భార్య మెట్లకాడికి వచ్చి నిలబడ్డది.

"కరెంటు లేక చీకట్ల ఉండుడు చూసిన గని, కరెంటు పెట్టుకొని చీకట్ల ఉండుడు నీతోనే చూస్తున్న."

"సైన్సు కోసం జర ఓపిక పట్టాలె."

"సైన్సు నీది. ఉక్కపోత మాది."

ఫ్రిజ్‌ను వదిలేసిన. అసలు ఉపాయం వేరే ఉన్నది. యాంప్లిఫయర్‌ను మంచిగ మూతబడే లోహపు డబ్బల పెడితే బయటి మోత లోపలికి రాదు. ఇంట్ల అసొంటి డబ్బ ఒక్కటే, మా అత్త సకినాల డబ్బ. సకినాలను గిన్నెలకు మార్చిన. మూడురోజులల్ల అవి మెత్తబడ్డయ్. నా యాంప్లిఫయర్ మాత్రం కరకరలాడుకుంట పనిచేసింది. మా అత్త నాతోటి మాట్లాడుడు బందు పెట్టింది. లో-నాయిస్ అంటె ఎట్లుంటదో నాకు ఆ వారంల పూర్తిగ అనుభవమైంది.

ఇంత చేసినంక ఒక్కటే మిగిలింది. నా మాట వెనుక, సన్నగ, ఎడతెగకుండ, టక్-టకా-టక్. దాన్ని పట్టుకునేందుకు హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌ల కొత్త ఐసీ తెప్పిచ్చిన, వైర్లు మార్చిన, డబ్బకు డబ్బ తొడిగిన. రెండు నెలలు దానితోటి కుస్తీ పట్టిన. చివరికి అర్థమైంది. సాంచలు నడిస్తె షెడ్డు గోడ అదురుతుంది, గోడ అదిరితె అద్దం అదురుతుంది, అద్దం అదిరితె కిరణం జర అటిటు జరుగుతుంది. మోత నా యంత్రానిది కాదు, గోడది. గోడను సకినాల డబ్బల పెట్టుడు అయ్యేపని కాదు.

గట్ల నేను గోడతోటి కొట్లాడుతున్న రోజుల్లనే, ఒక బుధవారం, మామ పదకొండు గంటలకే ఇంటికి వచ్చిండు. సద్ది గిన్నె తెరువనే లేదు. అరుగు మీద కూసున్నడు, లేచిండు, మళ్ల కూసున్నడు. ముప్పై ఏండ్లకు పైగ నిలబడ్డ కాళ్లకు కూసోవుడు ఎట్లనో తెలుస్తలే.

సంగతి నా భార్య చెప్పింది. షెడ్డు యజమానిని ఇక్కడ ఆసామి అంటరు. ఈ ఆసామి మామకు వరసకు తమ్ముడు. పొద్దున వెనుకనుంచి మూడుసార్లు "అన్నా, అన్నా" అని పిలిచిండట, మామ తిరిగి చూడలేదట. "నీకు చెవులు పోయినయ్ అన్నా. పోగు తెగితె నీకెట్ల తెలుస్తది? నాలుగు సాంచలు నీ మీద ఎట్ల ఇడుస్త? సోమవారం నుంచి ఇంట్ల కూసొని కండెలు చుట్టు" అన్నడట.

సాంచల అటిటు ఉరికే నాడెల పెట్టే చిన్న చిన్న నూలు ఉండలే కండెలు. అవి చుట్టుడు ఇంట్ల మా అత్త పని. అంటే సోమవారం నుంచి మామ మా అత్త చేతికింద కొలువు చెయ్యాలె. మా అత్త ఆయన పని ఎట్లుంటదోనని ఇప్పటినుంచే పెదవి విరుస్తుంది. మామ మాత్రం రెండు అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటుండు. ఆ చూపు చూసి నాకు నవ్వు రాలే.

"ఫికర్ చెయ్యకు మామా, నీకు చెవి యంత్రం నేను చేస్త" అన్న. లో-నాయిస్ చదివినోన్ని ఇంట్ల పెట్టుకొని మామ చెవిటోడైతె నా పరువేంగావాలె? బంగ్ల మీదికి తీస్కపోయిన, హెడ్‌ఫోన్ పెట్టిన, సౌండు బాగ పెంచిన. మైకుల నోరుపెట్టి పాఠం చెప్పినట్టు ఒక్కొక్క మాట విడగొట్టి అన్న. "మామా. నా. మాట. వినబడుతుందా."

ఆయన కండ్లు మూసుకున్నడు.

"మామా, వినబడుతుందా?"

"ఊకో అల్లుడా" అన్నడు చెయ్యెత్తి. "నడుమల నువ్వు మాట్లాడకు. సాంచ వినబడ్తలే."

మైకు పక్కకు జరిపిన.

"గిది మూడోది" అన్నడు. "నాడెను కొట్టే తోలు వదులైంది దీనికి. గా దెబ్బల తేడా చూడు, ఒకటి గట్టిగ, ఒకటి మెత్తగ. నేను లేనని గా పనోడు పట్టించుకుంటలేడు."

రెండు నెలలు నేను చంపాలని చూసిన ఆ చప్పుడు ఆయనకు కబురు. ఆయన వినాల్సిన దానికి అడ్డం పడుతున్న మోత ఏందంటే, నేను.

సాంచల రొద మనిషి చెవులకెళ్లి ముందు సన్నటి చప్పుళ్లను తీస్కపోతదట. మామకు మాటల అంచులు పోయినయ్, సాంచల మొద్దు దెబ్బలు మిగిలినయ్. ఇగ పోగు తెగుడు సంగతి అడిగితె "చెవితోటి ఎవడు వింటడు అల్లుడా? అరచెయ్యి సాంచ మీద ఉంటది" అన్నడు. ఆసామి పిలుపే ఆయనకు అందలే. సాంచ పిలిస్తె ఎప్పుడో పలికేటోడు.

ఇదే మాట ఆసామికి చెప్పాలె. శనివారం నాలుగింటికి నేనే పోయి, "కొత్త యంత్రం చూద్దురు రండ్రి" అని పిలుచుకొచ్చిన. ఆసామి బంగ్ల మీద కుర్చీల కూసున్నడు. మా అత్త చాయ్ తెచ్చింది. మామ షెడ్డు దిక్కు వీపు పెట్టి, హెడ్‌ఫోన్ తొడుక్కొని, పరీక్షకు వచ్చిన పిలగాని లెక్క కూసున్నడు. గల్లీ అంత టకటకలాడుతుంది.

"ఆఁ అన్నా" అన్నడు ఆసామి అరుసుకుంట, "ఏం వినబడుతుంది?"

నేను ఆ ప్రశ్నను కాగితం మీద రాసి మామకు చూపిచ్చిన.

మామ విన్నడు. నొసలు ముడిచిండు. హెడ్‌ఫోన్ సర్దుకొని మళ్ల విన్నడు.

"ఏం వినబడ్తలే" అన్నడు.

డబ్బ మూత తీసిన, వైరు కదిలిచ్చిన, ఊది చూసిన. అన్నీ మంచిగనే ఉన్నయ్. ఆసామి చాయ్ గ్లాసు కింద పెట్టి, బాధపడ్డట్టు తలూపిండు. "నేను చెప్పలేదా సారూ? మీ యంత్రం తప్పు కాదు. గిన్ని సాంచలు నడుస్తుంటె నాకు ఇంత దూరం వినబడుతుంది, అన్నకు చెవుల పెట్టినా వినబడ్తలేదు."

"గదిగాదు తమ్మీ" అన్నడు మామ. ఆసామి పెదవులు చదివిండో, ముఖం చదివిండో. "ఏం వినబడ్తలేదంటె ఏం నడుస్తలేదు. ఎనిమిదింటికి ఎనిమిది బందున్నయ్."

"గంత సప్పుడు ఎవలిది మరి?"

"అది పక్కషెడ్లది. నీ గోడ సప్పుడు చేస్తలేదు."

ఆసామి నవ్వుకుంటనే లేచి పిట్టగోడ మీదికెళ్లి వంగి చూసిండు. నవ్వు ఆగింది. ఆయన ఇటు మెట్లెక్కుడు చూసి, పనోళ్లందరు అటు సాంచలు ఆపి గల్లీ మలుపుకాడ చాయ్ బండి చుట్టు నిలబడ్డరు. చెవులు మంచిగున్న ఆసామి తొమ్మిది షెడ్ల చప్పుడు వినుకుంట తన షెడ్డే నడుస్తుందని కూసున్నడు.

ఆయన ఒక్క కేక వేసిండు. అది చెవులతోటి సంబంధం లేకుండ అందరికి వినబడ్డది. పనోళ్లు ఉరికిన్రు. మామ అటు చూడకుండ, కండ్లు మూసుకొని, ఒక్కొక్కటే చెప్పిండు. "రెండోది మొదలైంది. ఆరోది. ఒకటోది. అగో, మూడోది. తోలు చూసుకోమను తమ్మీ, లేకుంటె ఈ సాయంత్రమే నాడె ఎగిరి ఎవనికన్న తగులుతది."

ఆసామి పైనుంచే పనోన్ని పిలిచి తోలు చూడుమన్నడు. పనోడు చూసొచ్చి, తోలు వదులైంది నిజమేనని కిందనే నిలబడి తల గోక్కున్నడు.

ఆసామి మళ్ల కుర్చీల కూసొని, ముందుకు జరిగి, కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసిండు మామను. నా చేతుల నుంచి కాగితం గుంజుకొని ఆయనే రాసిండు. 'అన్నా, నువ్వు షెడ్డుకు రావద్దు. ఈడ్నే కూసో. ఎవలు ఎప్పుడు సాంచ ఆపుతుండ్రో నాకు చెప్పు. నీడపట్టున కొలువు.'

నా యంత్రానికి మొట్టమొదటి గిరాకీ. నేను జర నిటారుగ నిలబడ్డ.

మామ చదివిండు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టిండు.

"సాంచ మీద చాడీలు చెప్త తమ్మీ" అన్నడు. "మనుషుల మీద చెప్ప. నా నాలుగు సాంచలు నాకియ్యి. వెనుకనుంచి పిలువకు, ముందుకొచ్చి పిలువు. గంతే."

ఆసామి గ్లాసుల మిగిలిన చాయ్ ఒక్క గుక్కల తాగి లేచిండు. "సోమవారం రా" అన్నడు. కాగితం మీద రాయలే, అరువలే. మామకు అర్థమైంది.

ఆదివారం మామ చెప్పినట్టు గోడమీది అద్దం తీసేసిన. "గా అద్దం చూసి పనోళ్లు చాయ్ తాగుతందుకు భయపడుతుండ్రు. మంచిగ లేదు" అన్నడు. కొత్త అద్దం ఒకటి తెచ్చి, మా ఇంటెనుక మూతబడ్డ గోదాము గోడకు పెట్టిన. ఆ గోడ అదరది. సోమవారం పొద్దుగాల నా మాట కిరణం మీద పోయి కిరణం మీద వచ్చింది, ఒక్క మచ్చ లేకుండ. ఇన్ని నెలల కష్టం. మామను పిలిచి హెడ్‌ఫోన్ పెట్టిన. శ్రద్ధగ, మర్యాదగ, చాలసేపు విన్నడు.

"ఇందుల ఏం నడుస్తలేదు గదా అల్లుడా?"

"అవును మామా. గదే దీని గొప్ప."

పెండ్లిచూపులనాడు చూసినట్టే పైనుంచి కిందిదాక చూసిండు. తిరిగొచ్చిన అద్దంల గీసుకున్న గడ్డం నున్నగ మెరుస్తుంది. "మంచిగున్నది" అని నా భుజం తట్టిండు. "సకినాల డబ్బ ఖాళీ అయినంక మీ అత్తకిచ్చెయ్యి" అని మెట్లు దిగిండు.

సద్ది గిన్నె నా బల్ల మీదనే మర్చిపోయిండు. కిటికీలకెళ్లి "మామా, మామా, మామా" అని మూడుసార్లు కేకేసిన. తిరిగి చూడలే. గల్లీ దాటి, షెడ్డు గడపల కాలుపెట్టి, నాలుగడుగులు లోపలికి పోయి, నడుస్తున్న మూడో సాంచ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డడు.

గిన్నె పట్టుకొని నేనే కిందికి ఉరికిన. ముందునుంచి పోయి ఇచ్చిన.