నీళ్లు లేని లోకంలో తడి వాకిలి

"చెల్లె, మాస్టర్ పోయిండు" అని ఫోన్ వచ్చినప్పుడు నేను ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మెట్రో పిల్లర్ నీడలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "ఏ మాస్టర్?" అన్నాను. నాకేదో పదిమంది మాస్టర్లు ఉన్నట్టు! ఫోన్ చేసింది అన్న. ఆ అన్న మా పాత స్టూడియోలో మేనేజరు. నాచారంలో మేం బొమ్మల సినిమాలు చేసే రోజుల్లో ఎవరికి ఏ పని ఇవ్వాలో, ఏది ఎప్పటికి పంపాలో చూసుకున్న మనిషి. "మన మాస్టరే. పీర్జాదిగూడల బడి గోడకు మ్యాప్ ఏస్తుండెనట. ఛాతీల పట్టేసినట్టున్నదని స్టూలు దిగిండట. కూసున్నడట. గంతే" అన్నాడు.

గంతే అంటే ఏమిటండీ? మొన్న గురువారమే కదా ఆయనతో మాట్లాడాను! "ఆదివారం ఇంటికొస్త మాస్టర్, మీకొక మాట చెప్పాలె" అంటే, "చెప్పనీకె అపాయింట్‌మెంట్ ఏంది బిడ్డా, రా, జొన్నరొట్టె తిని పో" అన్నారు. తెలంగాణ వచ్చి నెల కూడా కాలేదు, బళ్లన్నిటికీ కొత్త పటం కావాలి, చేతినిండా పని ఉందని మురిసిపోయారు. ఇవాళ శనివారం. ఒక్క రోజు ఆగలేకపోయారా మాస్టర్? లేక ఏడేళ్లు ఆగిన నాది తప్పా? నాదే. నా మొహం మండ.

ఆ మాట ఏమిటో ఇప్పుడే చెప్పేస్తాను, మిమ్మల్ని ఊరించడం నాకు చేతకాదు. ఏ తప్పు వల్ల ఆయన ఉద్యోగం పోయిందో ఆ తప్పు ఆయన చేయలేదు. నేను చేశాను. ఆ రోజు అందరి ముందూ నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ సంగతి ఆయన ముందు, ఆయన ఇంట్లో, మేం పెద్దమ్మ అని పిలిచే ఆయన భార్య వినేలా ఒప్పుకోవాలని ఆదివారం పెట్టుకున్నాను.

మాస్టర్‌ది ఉప్పలే, పాత ఊరి మనిషి. వాళ్ల నాయన దున్నిన భూమి ఇప్పుడు ఎవరి అపార్ట్‌మెంట్ కింద ఉందో ఆయనకే సరిగా తెలియదు. ముందు గోడల మీద రాతలు రాశారు, ఆ తర్వాత సినిమా బ్యానర్లు వేశారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని ఊడ్చిపెట్టాక, యాభై దగ్గర పడిన వయసులో మా స్టూడియోకి వచ్చారు. బొమ్మల సినిమాలో పాత్రల వెనకాల కనబడే ఇళ్లు, వీధులు, ఆకాశం వేసే మా జట్టుకు ఆయనే పెద్ద. కంప్యూటర్ పెన్నుతో రంగు వేసి, ఇంకో రంగుకు పోయే ముందు ఆ పెన్ను మొనను భుజం మీది తువ్వాలకు తుడిచేవారు. "దానికి రంగంటదు మాస్టర్" అని మేం నవ్వితే, "నాకెర్కనే. చేతికి తెల్వది" అనేవారు. అక్కడున్న రెండేళ్లూ తుడుస్తూనే ఉన్నారు.

బయటి దేశం వాళ్లు మాకిచ్చిన ఆ సినిమా బొమ్మలదే కానీ పిల్లలది కాదు. లోకం ఆఖరై నూరేళ్లయింది. ఎక్కడా నీటిచుక్క లేదు. చూపులేని ఒక పిల్ల, దాని వెంట ఒక ఇనుప గాడిద, రెండూ నీళ్లు వెతుక్కుంటూ కూలిపోయిన మట్టి ఊళ్ల గుండా పోతుంటాయి. మొదటి నీటిచుక్క సినిమా చివరన గానీ కనబడదు. అంతదాకా అంతా బూడిద రంగు, తుప్పు రంగు. రోజంతా అవి చూసి ఇంటికి పోతే, అమ్మ వండిన టమాటా పప్పు ఎరుపు కళ్లల్లో గుచ్చుకునేది.

చూసి వేయమని వాళ్లు పంపిన ఫోటోలన్నీ పక్కన పెట్టించి మాస్టర్ మమ్మల్ని బస్సెక్కించారు. మొదట జవహర్‌నగర్. చెత్త గుట్టల పక్కన నిలబెట్టి, ముక్కు మూసుకోనివ్వకుండా బొమ్మలు గీయించారు. "వాసన సూడకుంటె బొమ్మల దమ్ముండది" అన్నారు. మాలో ఇద్దరం వాంతులు చేసుకున్నాం. గుట్ట మీద ప్లాస్టిక్ ఏరుకుంటున్న ఒకామె దిగి వచ్చి, "గీడ ఏమున్నదని గీస్తున్నరు?" అని అడిగింది. "లోకం ఆఖరయినంక ఎట్లుంటదో సూస్తున్నమమ్మా" అన్నారు మాస్టర్. "అయితె నన్ను గూడ గీయ్. నేనప్పుడు గూడ గీడ్నే ఉంట" అందామె. మేం ఘొల్లున నవ్వాం. మాస్టర్ నవ్వలేదు. ఆమెను కూర్చోబెట్టి గీసి, ఆ కాగితం ఆమె చేతికే ఇచ్చేశారు.

తర్వాతి వారం నారపల్లి తీసుకెళ్లారు. అక్కడ పొలాలు పోయి ప్లాట్లయిన ఎర్ర నేల, దాని మీద నంబర్లు వేసిన తెల్ల రాళ్లు. "ఇది కూలిపోలేదు గదా మాస్టర్?" అన్నాను. "కూలనీకె ఏమన్న ఉండాలె గద బిడ్డా. నెంబర్లున్నయి, మనుషుల్లేరు. గిదే గీయ్" అన్నారు. ఆ తెల్ల రాళ్లు మా సినిమాలో చాలాచోట్ల ఉన్నాయి.

ఆయన పని చేయించే తీరు వేరు. కూలిన ఇంటిని నేరుగా వేయనిచ్చేవారు కాదు. "ముందు మంచిగున్న ఇల్లెయ్యి. అండ్ల ఒకామె ఉన్నదనుకో. పొద్దుగాల లేసి ఆమె ఏమేం జేస్తదో అన్నీ ఎయ్యి. అటెన్క కూలగొట్టు" అనేవారు. కాబట్టి కంప్యూటర్‌లో అడుగు పొరల్లో బతికున్న ఇల్లు ఉండేది. దాని మీద ఒక్కో పొరగా పగుళ్లు, దుమ్ము, విరిగిన దూలాలు వేసేవాళ్లం. ఆఖరున అడుగున ఉన్న బతుకంతా ఒక్కొక్కటే తీసేయాలి. దండెం మీది చీర తీసెయ్. పొయ్యి తీసెయ్. గడప పసుపు తీసెయ్. ఆ తీసేసేటప్పుడు నిజంగానే చెయ్యాడేది కాదు.

ఒక వీధిలో నేను వేసిన ఇంటికి అన్నీ తీసేసి, వాకిలి పొర మరిచిపోయాను. పొద్దున్నే ఊడ్చి సాన్పి చల్లిన వాకిలి. పేడ నీళ్లు ఇంకా ఆరక నల్లగా ఉన్న మట్టి. పక్క సీటు వాళ్లు చూశారు, తప్పులు పట్టేవాళ్లు చూశారు, అన్నా చూశాడు. ఒక్కరికీ తేడా అనిపించలేదు. వాకిలన్నాక తడిగానే ఉంటుంది కదా! ఆలేరు నుంచీ జనగామ నుంచీ భువనగిరి నుంచీ వచ్చిన మాకు అది నీళ్లలా కనబడలేదు. ఆ పిల్లా ఆ గాడిదా గొంతెండిపోయి, అప్పుడే నీళ్లు చల్లిన గుమ్మం ముందు నుంచే ఈడ్చుకుంటూ పోయాయి. అంతా అయిపోయి సినిమా అటు వెళ్లాక ఆ దేశం వాళ్లు ఒకే ఒక్క ప్రశ్న పంపారు: ఈ ఇంట్లో ఎవరున్నారు?

మా స్టూడియో పెద్దసార్లు అందరినీ పెద్ద గదిలోకి పిలిచారు. ఎవరు వేశారని అడిగారు. ఫైళ్ల మీద జట్టు పేరే తప్ప మనిషి పేరు ఉండదు. ఇంతలో మాస్టర్ లేచారు. "నేనే ఏసిన సార్. పద్ధతి నాది. పొర తీసుడు నేనే మర్సిన" అన్నారు. నా వైపు చూడనైనా చూడలేదు. నేనప్పుడు ట్రైనీని. అయ్య పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడి మూడు నెలలు, ఇంట్లో అందరి కళ్లూ నా మీదే. నా నోరు పెగల్లేదు. పెగల్లేదు అనడం కూడా అబద్ధమే, నేనే తెరవలేదు.

ఆ వారంలోనే ఆయన్ని పంపించేశారు. పోతూ పోతూ నా సీటు దగ్గర ఆగి, "గా వాకిలి మస్తుగొచ్చింది బిడ్డా" అన్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆయన మళ్లీ గోడలకే పోయారు. నేను అక్కడే నిలదొక్కుకున్నాను, ఆ తర్వాత పెద్ద జీతానికి ఇంకో స్టూడియోకి మారాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆయన ఇంటికి వెళ్లేదాన్ని. పెద్దమ్మ చాయ్ ఇస్తూ ప్రతిసారీ అదే ఎత్తుకునేది: "మీ మాస్టరు నీళ్లు లేని లోకంల సాన్పి చల్లొచ్చిండు. ఇంట్ల ఏనాడన్న చీపురు ముట్టిండా? గాడ మాత్రం వాకిలూడ్సిండు." ఎగతాళిగా మొదలైంది కాస్తా చివరకు తిట్లలోకి దిగేది. ఆమె కడుపుమంట ఆమెది. నీడపట్టున చేసుకునే పని పోగొట్టుకుని, ఎండలో స్టూళ్లెక్కే వయసా అది? మాస్టర్ నవ్వుకుంటూ చాయ్ తాగేవారు. నేను తల వంచుకుని తాగేదాన్ని. సిగ్గు లేకపోతే సరి.

ఇవాళ వెళ్లేసరికి ముందు గదిలో ఫ్రీజర్ బాక్సులో ఉన్నారు. షోలాపూర్ నుంచి కూతురు వచ్చేదాకా ఆగాలట. కుడిచేతి గోళ్లలో ఆకుపచ్చ రంగు అట్లాగే ఉంది. ఏ జిల్లాకు వేస్తూ దిగారో! అద్దం మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. అప్పటిదాకా, దేవుడి తోడు, నేను నమ్మలేదు.

అన్న నా పక్కన నిలబడి ఉన్నాడు. కళ్లు తుడుచుకుని, పెద్దమ్మ వైపు తిరిగి మంచి మనసుతోనే అన్నాడు: "గసుంటి ఆర్టిస్టు మళ్ల రాడమ్మా. గా ఒక్క తప్పు జేయకుంటె ఇయ్యాల ఎక్కడుండెటోడో." పెద్దమ్మ అవునన్నట్టు తలూపింది. ఆమె తల ఊపడం చూశాక ఇంక నావల్ల కాలేదు.

"గా తప్పు మాస్టర్‌ది కాదన్నా. నాది. వాకిలి నేనేసిన. ఆయనకెర్కే. నా నౌకరి పోతదని ఆయన మీదేసుకున్నడు."

పెద్దమ్మ వచ్చి చెంప పగలగొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె నన్ను చూడనే లేదు. బాక్సు వైపు చూస్తూ, "నాకు గూడ చెప్పలే" అంది. మళ్లీ "ఏడేండ్లు. నాకు గూడ చెప్పలే" అంది.

ఆ తర్వాత కొంగు నడుముకు దోపుకుని లేచి నిలబడింది. "మీరందరు జర బయటికి పోన్రి. ఆయనతోని మాట్లాడేదున్నది."

మేమంతా ఎండలో గల్లీలోకి వచ్చాం. తలుపు ఓరగా వేసుకుంది. లోపలి నుంచి ఆమె గొంతు, ఎప్పటి గొంతే, తిట్టే గొంతే: "ఏందయ్యా? నేను గన్ని మాటలంటుంటె నవ్వుకుంట చాయ్ తాగుతివా? ఒక్కపారి, ఒక్క పారంటె ఒక్కపారి, నేను గాదే అని అనొద్దా?" మాటకూ మాటకూ మధ్య ఆమె ఆగుతోంది, ఆయన జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, మళ్లీ అడుగుతోంది.