వీపుకు సరిపడే సంచి

తొమ్మిది రోజులు కంపు లేని గాలి పీల్చాలనుకున్నాను. నేను కోరుకున్నది అంతే. దానికోసం ఒక పెద్ద సంచి కొనాల్సి వచ్చింది. ఆ సంచి వెంట తిరిగిన నెలన్నర తల్చుకుంటే ఇప్పటికీ చీదరే.

మేముండేది జవహర్‌నగర్‌లో. పట్నమంతా తిని, తాగి, ఊడ్చి పారేసింది లారీలెక్కి మా పక్కనున్న చెత్త గుట్టకే వస్తుంది. వాన పడ్డ మర్నాడు గాలి ఇటు తిరిగిందంటే నోటిదాకా తెచ్చిన ముద్ద కంచంలో పెట్టేసి లేచిపోతాను. మామూలు రోజుల్లో ఏమీ ఉండదని, వానప్పుడే ఈ బాధంతా అని నేను చుట్టాలతో వాదించేదాన్ని. పెళ్ళై వచ్చి పద్దెనిమిదేళ్ళు. ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. యాప్రాల్ నుంచి, తూంకుంట కొత్త లేఅవుట్ల నుంచి కూడా నాకు గిరాకీ ఉంది.

యాప్రాల్‌లో ఒక రిటైరైన మిలటరీ సారున్నారు. కోస్తా వైపు మనిషి. వాళ్ళావిడ జాకెట్లన్నీ నేనే కుడతాను. నాకు షుగర్ వచ్చిందని తెలిసి, ఆదివారాలు ఆయన నడిపించే గుంపులో నన్నూ చేర్చారు. శామీర్‌పేట చెరువు కట్ట మీద, ఆ వెనక గుట్టల్లో రెండేళ్ళు నడిచాను. పోయినేడు ఆయన హిమాలయాల్లో తొమ్మిది రోజుల అడవి నడక పెట్టారు. గాడిదలుండవు, కూలీలుండరు, ఎవరి మూట వాళ్ళే మోసుకోవాలి. నేనూ వస్తానన్నాను.

"రావచ్చమ్మా. కాకపోతే ముందు పన్నెండు కిలోలు వీపున వేసుకుని కట్ట మీద ఎనిమిది కిలోమీటర్లు నాతో నడవాలి. నడిస్తే నీ పేరుంటుంది. కూలబడితే ఉండదు. మధ్యలో నిన్ను మోసుకొచ్చేవాళ్ళు ఎవరూ ఉండరక్కడ," అన్నారు. సంచి మాత్రం మంచిది చూసుకోమని మరీ మరీ చెప్పారు.

ముందు అద్దెకు తెద్దామనుకున్నాను. అద్దెకిచ్చేవాడు గదిలోంచి ఒక సంచి ఈడ్చుకొచ్చి నా ముందు పడేశాడు. వీపుకు తగిలే మెత్త మీద ఎవరెవరి చెమటో ఉప్పు తేలి తెల్లగా చారలు కట్టింది. పక్క జేబులో చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగితే ఒంటి మేజోడు, దానికి అతుక్కుని సగం తిన్న బిస్కెట్ పొట్లం. వాడు ఆ రెండూ తీసి మూలకు విసిరి, "ఏం గాదక్కా, దులిపిస్త," అన్నాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగితే అదేదో గొంతెమ్మ కోరిక అయినట్టు చూశాడు. ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బుతో రుద్దుకున్నా ఆ మెత్తదనం వేళ్ళ మీంచి పోలేదు.

అప్పుడు మా ఆయన్ని వెంటేసుకుని సికింద్రాబాద్ వైపు ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. అక్కడ గడ్డం నున్నగా దువ్వుకున్న సేల్స్‌మన్ ఒకడు, సంచి నాకని చెప్పిన తర్వాత కూడా, మాటలన్నీ మా ఆయనతోనే. "మేడంకి ఇది చాలు సార్. లైట్ వెయిట్. పింక్ కూడా ఉంది." అది బడి పిల్లల సంచికి అన్నలాంటిది. తొమ్మిది రోజుల బట్టలు, పక్క, తిండి, గిన్నె దాంట్లో ఎలా పడతాయని నేనడిగితే వాడు మా ఆయన వైపు తిరిగి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. "అన్నిట్ల పెద్దది ఏది?" అన్నాను. పైన వేలాడుతున్న డెబ్బై లీటర్ల ఆకుపచ్చ సంచి చూపించాడు. "మగవాళ్ళది మేడం అది," అన్నాడు. అదే దింపమన్నాను.

"గింత పెద్దది ఏంజేసుకుంటవే? ఇల్లు ఖాళీ జేస్తున్నవా?" అన్నాడు మా ఆయన.

"ఉండనీ. చిన్నగైతే పెద్దగ జేస్తమా? పెద్దది ఎప్పటికైన పనికొస్తది," అన్నాను.

పంతం ఒక్కటే కాదు, ఆ మాట మా ఇళ్ళలో అందరి నోటా ఉండేదే. మా నాయిన చెప్పులు కొంటే రెండు నంబర్లు ఎక్కువ తెచ్చేవాడు, ముందు దూది కుక్కి తొడిగేవాడు. బడి గౌను మోకాళ్ళ కిందికి వేలాడేది. నేను కుట్టే జాకెట్‌లోనూ అంతే, రెండు పక్కలా లోపల గుడ్డ వదలకుండా ఎవరికీ కుట్టను. రేపు ఒళ్ళొస్తే కుట్లు విప్పుకుంటారని. బిగుతుగా, సరిగ్గా సరిపోయేది కొనడమంటే డబ్బు తగలేయడమేనని మాలో ఇంకిపోయింది.

ఇంటికొచ్చి పది కిలోల బియ్యం, రెండు నీళ్ళ సీసాలు అందులో వేసి వీపుకెత్తుకున్నాను. నడుముకు కట్టుకోవాల్సిన పట్టీ నడుము దాటి పిరుదుల మీదికి జారింది. దాన్ని పైకి లాగి కట్టుకుంటే భుజం పట్టీలు భుజాలకు ఆనకుండా చెవుల పక్కన లేచి నిలబడ్డాయి. వదులు చేసి మళ్ళీ వేసుకుంటే మొత్తం బరువు భుజాల మీదే. హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి హాల్లోకి అరగంట తిరిగేసరికి మెడ నుంచి వేళ్ళదాకా తిమ్మిరెక్కింది. జాకెట్ తీసి చూసుకుంటే రెండు భుజాల మీదా ఎర్రటి వాతలు.

ఫోన్లో వీడియోలు పెట్టుకుని చూశాను. మనిషి ఎత్తుతో పనిలేదట, లావుతో పనిలేదట. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పై అంచు దాకా వీపు ఎంత పొడుగుందో, సంచి వీపు అంత పొడుగుండాలి. అప్పుడే బరువు తుంటి మీద కూర్చుంటుందట. మెడలో టేపు వేసుకుని పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళ వీపులన్నీ కొలిచినదాన్ని. నా వీపు ఒక్కసారి కొలుచుకోలేదు. మా అమ్మాయి చేత కొలిపిస్తే పదహారున్నర అంగుళాలు. సంచిది ఇరవై పైన. నలభై నాలుగేళ్ళ మనిషిని, ఇంకెక్కడ పెరుగుతానని కొన్నానో. నా తెలివి మీద నాకే ఉమ్మేయాలనిపించింది.

ధర చీటీ తెంచలేదు కాబట్టి మార్చుకోవచ్చని ధీమాగా ఉన్నాను. పెళ్ళిళ్ళ కాలం, జాకెట్ల మీద జాకెట్లు. పది రోజులు ఆ సంచి బాల్కనీలో దండేనికి వేలాడింది. పదకొండో రోజున, తీరిక చేసుకుని తీసుకెళ్ళాను.

ఈసారి కౌంటర్లో ఒక అమ్మాయి ఉంది. మర్యాదగా మాట్లాడింది. జిప్పు తీసి లోపలికి చూడబోయి, చటుక్కున మొహం వెనక్కి తీసుకుంది.

"మేడం, ఇది వాడిన బ్యాగండీ."

"వాడలేదమ్మా. ఇంట్ల ఒక్కసారి ఏసుకొని చూసిన. చీటీ గూడ అట్లనే ఉన్నది సూడు."

"లేదు మేడం, స్మెల్ వస్తోంది."

నేను సంచిలో తల పెట్టి గట్టిగా పీల్చాను. కొత్త గుడ్డ వాసన తప్ప నాకేమీ రాలేదు. "ఏడ వస్తాంది? నాకైతే రాలే," అన్నాను. గొంతు లేచింది. మేనేజర్ వచ్చాడు. అతనూ వంగి చూశాడు, మెల్లిగా నిటారుగా నిలబడి, "ఏ ఏరియా మేడం మీది?" అన్నాడు.

చెప్పాను.

"ఓ," అన్నాడతను. అంతే. తిట్టినా నాకంత బాధ ఉండేది కాదు. వెనక లైనులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఒక అడుగు పక్కకు జరిగారు. సంచి వెనక్కి తీసుకోవడం కుదరదని చెప్పి పంపేశారు.

బస్సు దిగి నేరుగా యాప్రాల్ వెళ్ళాను. సారు వరండాలో ఉన్నారు. సంచి ఆయన ముందు పెట్టి, "మీరు జెప్పుండ్రి సారూ. దీంట్ల వాసనున్నదా?" అని అడిగాను.

ఆయన వంగి చూడలేదు. చూడకపోవడంతోనే నాకు సగం అర్థమైంది.

"ఉందమ్మా," అన్నారు. "కొంచెం ఉంటుంది. మొదట్లో నువ్వు నడకకొచ్చినప్పుడు తెలిసేది. తర్వాత మాకూ అలవాటైపోయింది."

"మేడం జాకెట్లల్ల గూడనా?"

సారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "మా ఆవిడ నువ్విచ్చినవి ఒకరోజు ఎండలో వేశాకే బీరువాలో పెడుతుంది. నీ పనితనంలో వంక లేదు తల్లీ. అందుకేగా ఇంకెవరికీ ఇవ్వదు."

ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం నేలలోకి కుంగిపోయినట్టయింది. ఎన్ని ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి ఉంటాను. ఎంతమంది ఆడవాళ్ళు నా ముందు నవ్వుతూ జాకెట్ అందుకుని, నేను మలుపు తిరగ్గానే రెండు వేళ్ళతో పట్టుకుని దండెం మీద వేసి ఉంటారు. కొలతలు తీసేటప్పుడు వాళ్ళు ఊపిరి బిగబట్టేది పొట్ట కనబడకుండా అనుకునేదాన్ని. వాళ్ళ మీద కోపం, నా మీద అసహ్యం, ఏది ముందో తెలియని ఉడుకుమోత్తనం. ఆ వారమంతా రోజుకు మూడు పూటలా స్నానం చేశాను. మా ఆయన అడిగితే కసిరేశాను.

మానేద్దామనే అనుకున్నాను. కానీ మానేస్తే ఇక్కడే ఉండాలి కదా. ఆ ఆలోచనే నన్ను లేపి కూర్చోబెట్టింది. ఇంకో సంచి కొనే స్తోమత లేదు. కత్తెర తీసి, భుజం పట్టీలు సంచికి కలిసే చోట కుట్లన్నీ విప్పేశాను. నాలుగంగుళాలు కిందికి దించి గుర్తు పెట్టుకున్నాను. మిషను మీద పెడితే మూడు సూదులు విరిగాయి. చివరికి గోనె సంచులు కుట్టే దబ్బనం, నైలాన్ దారం పట్టుకుని నాలుగు రోజులు చేత్తోనే కుట్టాను. కుట్టు మీద కుట్టు, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. బొటనవేలు చీలింది. తర్వాత వేసుకుని నడుము పట్టీ బిగిస్తే, బియ్యం బరువు నెమ్మదిగా భుజాల మీంచి దిగి తుంటి మీద కూర్చుంది. ఆ ఒక్క క్షణం మాత్రం నాకు నేను నచ్చాను.

అలవాటు కావాలని బరువుతోనే తిరిగేదాన్ని. జాకెట్లు ఇవ్వడానికి తూంకుంటలో ఒక గేటు దగ్గరికెళితే, నాలుగేళ్ళుగా నన్ను చూస్తున్న వాచ్‌మన్, "డెలివరోళ్ళు పక్క గేటుకెంచి పోవాలె," అన్నాడు. "కండ్లు దొబ్బినయా, నేను," అన్నాను. "నువ్వా అక్కా. మూట ఎక్కడి నుంచి మోస్తున్నవ్?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అతను కూడా కొంచెం దూరంగానే నిలబడ్డాడేమోనని చూసుకున్నాను. ఆ రోజుల్లో అందరి పాదాలే చూసేదాన్ని, ఎంత దూరంలో ఆగుతున్నారా అని.

కట్ట మీద ఎనిమిది కిలోమీటర్లు నడిచాను. సారు వెనక్కి తిరిగి రెండుసార్లు చూశారు, మూడోసారి చూడలేదు. చివర్లో నా సంచి పట్టీలు లాగి, కుట్టు వేలితో తడిమి, "ఇది ఊడదు," అన్నారు. పేరు రాసుకున్నారు.

ప్రయాణానికి ముందు మా అమ్మాయి నా బట్టలు సర్దింది. పదో తరగతి పిల్ల. చొక్కాలన్నీ రెండేసిసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి, తడవకుండా ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి కట్టింది. "గిది చివరి రోజులకమ్మా, కింద పెడుతున్న," అని ఒక కవరు అడుగున పెట్టింది.

మొదటి మూడు రోజులు నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. పీల్చడమే సరిపోయింది. దేవదారు జిగురు, తడిసిన రాయి, పొయ్యి పొగ, దేనికదే విడివిడిగా తెలిసేది. నా ముక్కు ఇన్నాళ్ళూ పనిచేయడం లేదని అక్కడే తెలిసింది. సంచి ఒక్కసారి కూడా భుజం కోయలేదు.

నాలుగో రోజు సాయంత్రం వాన పట్టింది. ఒంటి మీదవీ, మొదటి రోజే కవర్లు విప్పి పైన పెట్టుకున్నవీ అన్నీ తడిసిపోయాయి. మూడు రాత్రులుగా గుడారంలో నాతో ఉన్నది తూంకుంట నుంచి వచ్చిన ఒక టీచరమ్మ. ఆమె పక్కనే కూర్చుని, నేను సంచి అడుగుదాకా చెయ్యి పెట్టి ఆ చివరి కవరు లాగాను. ముడి విప్పాను.

గుప్పున కంపు కొట్టింది. కుళ్ళిన తొక్కలు, కాలిన ప్లాస్టిక్, నిలవ నీళ్ళు, వాటి మీద ఇంత సబ్బు వాసన. కవరు దూరంగా నెట్టి గుడారం బయటికి తల పెట్టాను. ఎవరో చెత్త తెచ్చి నా సంచిలో కుక్కారనే అనుకున్నాను. తిరిగి చూస్తే ఇస్త్రీ మడత చెదరని నా తెల్ల చొక్కా. టీచరమ్మ నా వీపు నిమిరి, "పర్లేదక్కా," అంది. ఆమెకిది కొత్త కాదని ఆ గొంతులోనే తెలిసింది.

నాకప్పుడు సిగ్గు వేయలేదు. సిగ్గంతా సారు వరండాలోనే అయిపోయింది. ఆ చొక్కా మడత పెట్టిన చేతులు గుర్తొచ్చాయి. టైము చూసుకున్నాను. ఇంట్లో ఈపాటికి మా అమ్మాయి బడి నుంచి వచ్చి, ముందు గదిలో మిషను పక్కన చాప వేసుకుని అన్నం తింటూ ఉంటుంది. అది పుట్టింది అక్కడే. దానికి ఏ కంపూ తెలియదు.