పచ్చి బియ్యం నమిలే పిల్ల

మా చిన్నప్పుడు... ఇంట్లో నాకు ఇంకో పేరుండేది. పనిదొంగ.

నగరిలో మా ఇల్లంటే ముందు గదిలో రెండు మరమగ్గాలు, వెనక గదిలో మేము. మగ్గాలు ఆడుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకే మా ఇంట్లో ముద్దుగా పిలిచినా అరిచినట్టే ఉంటుంది. బడి నుంచి రాగానే నా పని కండెలకు నూలు చుట్టడం... కాసేపు చుట్టేసరికి కళ్లు మూతలు పడేవి. నూలు మూట మీదే తల వాల్చేసేదాన్ని.

"సూడండమ్మా, మా మహారాణి అప్పుడే పండుకునేసినాది!" అని అవ్వ పక్కింటోళ్లను పిలిచి మరీ చూపించేది.

నాకు నిజంగానే ఒక దొంగతనం ఉండేది. పచ్చి బియ్యం... అమ్మ చేటలో చెరుగుతుంటే గుప్పెడు లాక్కుని పరిగెత్తేదాన్ని. బియ్యం దొరక్కపోతే బలపం!

"బియ్యం బుక్కితే నీ పెండ్లిలో వాన కురుస్తాది" అని అవ్వ మొట్టేది.

"కురవనీలే మా, షామియానా నేనేపిస్తా" అని నవ్వేవాడు నాయన. చాటుగా నా గౌను జేబులో ఇంకో పిడికెడు పోసేవాడు. ఆ ఇంట్లో నా పక్షాన నాయనొక్కడే అనుకునేదాన్ని...

మొన్న తిరుపతిలో హాస్టల్ మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడ్డాను. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది, "పచ్చి బియ్యం తింటావా?" అని. తెల్లబోయాను. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లలో కొందరికి అలా తినాలనిపిస్తుందట. చిన్నప్పటి ఆ నీరసం, ఆ నిద్ర అందుకేనట. మాత్రలు రాసి, నిమ్మకాయ నీళ్లతో వేసుకో, వెంటనే టీ మాత్రం తాగొద్దు అంది.

సంబరంగా ఇంటికి వెళ్లాను. అవును, సంబరమే... నేను పనిదొంగను కాదని చెప్పడానికి! మగ్గాల హోరులో గొంతు చించుకుని చెప్తున్నా. అంతలో కరెంటు పోయింది. అమ్మ తనలో తాను అనుకున్నట్టు అన్న మాట స్పష్టంగా వినపడింది.

"ఆ పొద్దు ఇస్కూలుకొచ్చిన డాక్టరమ్మ గూడా ఇదే కదా చెప్పె..."

"ఏ డాక్టరమ్మ?"

అమ్మ నాయన వైపు చూసింది. నాయన తెగిన పోగు ముడేస్తూ, తలెత్తకుండానే అన్నాడు.

"రగతం లేని పిల్లని ఊర్లో తెలిస్తే రేపు సంబంధాలొస్తాయా పాపా? దినామూ మాత్రలు మింగతా ఉంటే నలుగురూ అడగరా? అందుకే వద్దంటి. పనిదొంగంటే ఎవురూ ఏమీ అనుకోరు... పెండ్లయితే అదే పోతాది."

అంటే తెలుసు. పేరు పెట్టింది అవ్వ. అది అబద్ధమని తెలిసీ నన్నలా పిలవనిచ్చింది నాయన. నా జేబులో బియ్యం పోసిన ఆ చెయ్యే...

మగ్గాలింకా కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో వాకిట్లోంచి చిన్న చప్పుడు... కరకర, కరకర. తిరిగి చూడకుండానే గుర్తుపట్టాను. మా చెల్లి. తొమ్మిదో తరగతి.

"ఎప్పుడూ ఏదో ఒకటి నములతా ఉంటాది, పనిదొంగ" అంది అవ్వ.

ఇప్పుడు బలపాలు లేవు. చేటతో చెరిగే పని లేదు, బియ్యం బస్తాలో శుభ్రంగా వచ్చేస్తున్నాయి. ఆ పేరు మాత్రం మా ఇంట్లో పాతబడలేదు... నా గౌనుల్లాగే చెల్లికి దిగింది.

బియ్యమో, బలపమో నమిలి తిట్లు తిన్నవాళ్లు మీలో ఎంతమంది? కింద రాయండి. ఇప్పుడు నమిలే పిల్ల మీ ఇంట్లో ఉంటే మొట్టకండి, రక్తపరీక్ష చేయించండి.

చెల్లిని తిరుపతి తీసుకొచ్చాను. రేపు పొద్దున పరీక్ష. నాయనను అడగలేదు. అడగను.