గాలి గొట్టానికి గుడ్డ

పెట్రోలు వాసనకు నా ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. కానీ నాజిల్ ‘టక్’మని ఆగిపోయే చప్పుడుకు మాత్రం ఇప్పటికీ నా గుండె జారుతుంది. వెంటనే మస్తానమ్మక్క గుర్తొస్తుంది. డోన్ రోడ్డులోని మా బంకులో నాకు పని నేర్పింది ఆమే. తలకు తువ్వాలు చుట్టుకొని, ఎంత ఎండలోనైనా ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూ ఉండేది.

నేను చేరిన కొత్తలోనే పెట్రోలుకు వచ్చిన ఒకాయనతో మాటామాటా పెరిగింది. “ఇంకోసారి గొడవ ఇనబడితే రేపట్నించి రావద్దు” అన్నాడు ఓనరు. ఈ పని పోతే మా ఇంట్లో నన్ను ఇక గడప దాటనివ్వరు. ఆ భయంతో రాత్రంతా నిద్ర పట్టలేదు.

మర్నాడే కడప నుంచి ఒక పాత కారు వచ్చింది. నాజిల్ పెట్టి నొక్కానో లేదో, ట్యాంకు నిండిపోయినట్టు టక్‌మని ఆగింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ టక్. వెనక బండ్లవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు. కంగారులో గట్టిగా నొక్కేసరికి పెట్రోలు ఎగదన్ని నా చేతుల మీద పడింది. “ఏం పాపా, మిషన్లో ఏమన్నా మోసం ఉండాదా?” అని డ్రైవరు గొంతు పెంచాడు. ఓనరు గది తలుపు తెరుచుకుంది. అయిపోయింది నా పని అనుకున్నాను.

మస్తానమ్మక్క వచ్చి నా చేతిలోంచి నాజిల్ తీసుకుంది. “చెయ్యి వణుకుతాంటే దీన్ని ముట్టద్దు. మొదుట ఊపిరి ఇడువు” అంది. అదే నాజిల్‌తో పక్క ఆటోకు పోస్తే ధారగా పడింది. కారులో అటూ ఇటూ తిప్పి పెట్టి చూసింది. మళ్ళీ టక్. “నాజిల్‌దీ కాదు, పెట్టే తీరుదీ కాదు” అని తనే నవ్వి, డ్రైవరు వైపు తిరిగింది.

“ఏమప్పా, మూత తీస్తే బుస్సుమనిందా?”

“అవునక్కా, పాము మాదిరి.”

“బండి యాడ పెడ్తావు?”

“బండల పాలిష్ ఫ్యాక్టరీ కాడ. శానా దుమ్ము. అందుకే కింద ట్యాంకు గాలి గొట్టానికి గుడ్డ కట్టినా.”

“నీ ముక్కు మూసి నీళ్ళు తాపితే తాగుతావా? లోపలి గాలి బయటికి రాకుంటే పెట్రోలు యాడికి పోతాది?”

డ్రైవరు నాలిక కరుచుకున్నాడు. కారు పక్కకు తోసి, కిందికి దూరి గుడ్డ విప్పాడు. ఈసారి ట్యాంకు నిండేదాకా నాజిల్ ఆగలేదు. ఓనరు వచ్చి ఏమైందని అడిగితే, డ్రైవరే “పాపది తప్పేం లేద్సార్, నాదే” అన్నాడు.

కొన్నేళ్ళకు మోకాళ్ళ నొప్పులతో అక్క పని మానేసింది. నేనింకా ఈ బంకులోనే ఉన్నాను. ఈ పొద్దున కూడా ఒక కారు దగ్గర నాజిల్ టక్‌మంది. వెనక హారన్లు. నాజిల్ తీసి దాని చోట పెట్టాను. ఊపిరి వదిలాను. అప్పుడు డ్రైవరును అడిగాను:

“అన్నా, మూత తీస్తే బుస్సుమనిందా?”